దొమ్మరోగము: ఊరి కబురు



వేసవి యంతయు మాడిన బీళ్లపై ఒక మంచి వాన కురిసి, నేల నంటి సన్నని పచ్చిక మొలచినప్పుడు పులివెందుల సీమలోని కాపరి సంతసించును. ఆ వెంటనే కొంత భయపడును గూడ. మునుపటి సాయంకాలము కడుపార మేసి రొప్పము చేరిన పొట్టేలు తెల్లవారుసరికి ప్రాణము విడిచి పడియుండుట మన పెద్దలు వినని సంగతి కాదు. పొట్ట ఉబ్బియుండును. ముక్కునుండియు నోటినుండియు నల్లని నెత్తురు కారుచుండును. అది గడ్డ కట్టదు. చచ్చిన జీవము కాళ్లు బిగుసుకొనవలసినట్లు బిగుసుకొనవు. దీనినే మనవారు దొమ్మ యందురు. ఆంగ్లమున దీని పేరు ఆంత్రాక్సు. గ్రీకు భాషలో ఆ మాటకు బొగ్గు అని యర్థము. ఈ రోగము మనుష్యుని చర్మమునకు సోకినపుడు లేచెడి పుండుపై బొగ్గువలె నల్లని పెచ్చు గట్టును గనుక ఆ పేరు వచ్చినది.

లింగాల వంటి యూరిలో ఒక గొఱ్ఱె చచ్చుటకును, దేశదేశముల ప్రభుత్వములు కూడి వ్రాసికొనిన యొడంబడికలకును ఏమి సంబంధమని మీరడుగవచ్చును. రోగమును యుద్ధసాధనముగ జేయవలెనని తలచిన పెక్కు రాజ్యములు చేయి చాచినది ఈ దొమ్మ మీదికే. అట్టి ప్రయత్నములలో కెల్ల పెద్దదానిని దాచిపెట్టిన యబద్ధము బయట పడుటకు పల్లెలలో చచ్చిన గొఱ్ఱెలును ఆవులును కొంత తోడ్పడినవి. ఈనాటి ప్రసంగములో ఆ కథను చెప్పదలచితిని.

ముందుగ రోగము సంగతి. దీనికి కారణము కంటికి కనబడని యొక సూక్ష్మజీవి. బ్రతికియున్న పశువు రక్తములో నది లెక్కకు మిక్కిలిగ పెరుగును. కళేబరమును కోయకుండ విడిచినచో, లోపలి కుళ్లువలన ఆ క్రిములు చాలవరకు కొన్ని దినములలో నశించును. కాని కత్తి పెట్టి కోసి, రక్తమునకు గాలి తగులనిచ్చితిమా, అవి గట్టి పొరను గప్పుకొని బీజములుగ మారును. ఆ బీజములను ఎండ యేమియు చేయజాలదు, కరవు చంపజాలదు. సుద్ద కలిసిన నేలలలో, నల్లరేగడిలో, అవి పదుల సంవత్సరములు నిద్రించియుండగలవు. మన సీమలో అట్టి నేలకు కొదువ లేదు. వాన నీరు వానిని పల్లమునకు జేర్చును. పచ్చిక పొట్టిగ నున్నపుడు జీవములు మట్టితో గూడ కొఱికి తినును. కరవు వెనుక వచ్చిన వానకు దొమ్మ తలయెత్తుటలోని రహస్యమిదియే. పూర్వులు దీనిని గ్రామదేవత యాగ్రహమనిరి. ఫ్రాన్సు దేశపు రైతులును కొన్ని పొలములను శాపగ్రస్తములని విడిచిపెట్టుచుండిరి. అచ్చట వెనుకటి పశువులను పాతిపెట్టిన తావులే శాపము తగిలిన తావులని పాస్చరు పండితుడు తరువాత నిరూపించెను.

ఈ క్రిమిని 1876లో లోకమునకు రుజువుపఱచినవాడు రాబర్టు కోకు. ఆయన అప్పుడు పెద్ద విద్యాపీఠమున ఆచార్యుడు కాడు. ప్రష్యాలో వోల్‌స్టీన్ అను చిన్న పట్టణమున జిల్లా వైద్యుడు. ఇంటిలోనే యొక గదిని ప్రయోగశాలగ జేసికొని, ఎలుకలపై పరీక్షించి, క్రిమి యెట్లు బీజముగ మారునో, బీజము మరల క్రిమి యెట్లగునో కనుగొనెను. ఒక్కొక్క రోగమునకు ఒక్కొక్క క్రిమి కారణమను శాస్త్రము ఈ గొఱ్ఱెల రోగముతోనే గట్టి పునాది పొందినది. 1881లో పాస్చరు పూయీ-ల-ఫోర్ అను పల్లెలో బహిరంగముగ పరీక్ష పెట్టెను. సగము జీవములకు రెండు మారులు టీకా వేసి, మే 31వ తేదీన అన్నింటికి నిజమైన రోగమును ఎక్కించెను. జూన్ 2వ తేదీన జనులు వచ్చి చూచిరి. టీకా పొందిన గొఱ్ఱెలు నిలిచియున్నవి. పొందనివి చచ్చియో చావబోవుచునో యున్నవి. నమ్మనివారిని పిలిచి వారి కన్నుల యెదుట జేసిన పరీక్ష గనుక, దానికి రావలసిన ఖ్యాతి వచ్చినది.

ఊలు, తోళ్లు, ఎముకలు, ఇవి ఓడలెక్కి ఖండములు దాటుచుండగా రోగమును వానితో గూడ ప్రయాణము చేసినది. ఇంగ్లండులో బ్రాడ్‌ఫర్డు పట్టణపు మిల్లులలో, దూరదేశములనుండి వచ్చిన ఊలును విడదీయు కూలీలు ఊపిరితిత్తుల జబ్బుతో రెండుమూడు దినములలో చనిపోవుచుండిరి. అది దొమ్మయేయని 1880 ప్రాంతమున అచ్చటి వైద్యుడు బెల్ స్థాపించెను. ఎక్కడనో యొక కాపరి చచ్చిన గొఱ్ఱె ఊలును విడువలేక కత్తిరించి యమ్మినాడు. వేలమైళ్ల యవతల, ఆ కాపరి పేరైన నెఱుగని కూలీ దానివలన చచ్చినాడు. కనుకనే 1919లో వాషింగ్‌టను నగరమున జరిగిన మొదటి అంతర్జాతీయ కార్మిక మహాసభ, దొమ్మ బీజములున్న ఊలును ఎగుమతి దేశముననో దిగుమతి రేవుననో శుద్ధి చేయవలెనని రాజ్యములకు సిఫారసు చేసినది. తరువాత నొక సంవత్సరమునకు, మన దేశమునుండి బ్రెజిలునకు పోవుచు బెల్జియములోని యాంట్‌వెర్పు రేవున దిగిన పశువులవలన ఆ దేశమున ముసర వ్యాధి పుట్టినది. దానితో మేల్కొని 28 రాజ్యములు 1924 జనవరి 25న పారిసునందు పశురోగముల కొఱకు ఒక అంతర్జాతీయ కార్యస్థానమును నెలకొల్పినవి. ఏ దేశమున ఏ పశురోగము పుట్టినను తక్కిన దేశములకు దాచక తెలుపుట దాని ముఖ్యధర్మము. ప్రపంచ పశ్వారోగ్య సంస్థ యను పేర నది నేటికిని పనిచేయుచున్నది.

మన చెన్నపట్టణపు ప్రభుత్వమును ఈ విషయమున మిక్కిలి వెనుకబడలేదు. పశురోగ నివారణకై 1866లోనే యొక చట్టము చేసినది. మునసబు, కరణము, తలారి యున్న కాలమున పల్లెలోని చావుపుట్టుకల కబురు, పశురోగముల కబురు వారి ద్వారా తాలూకా కచేరీకి నడిచిపోవుచుండెడిది. 1932లో రాణిపేటలో నెలకొల్పబడిన సంస్థ దక్షిణదేశపు పశువులకు టీకామందులు తయారు చేసినది. ఆ మునసబు కరణముల పదవులు 1984లో మన రాష్ట్రమున రద్దయినవి. వారి దర్పమును తలచుకొని యెవ్వరును కంట తడి పెట్టనక్కఱలేదు గాని, కబురు పంపుట యొకని పని యని యూరంతయు నెఱిగియుండిన యేర్పాటు మాత్రము తలచుకొనదగినది.

ఇక యుద్ధముల మాట. మొదటి మహాయుద్ధమున 1915లో జర్మనీ పక్షమున పనిచేయు నొక వైద్యుడు అమెరికా రాజధాని చెంత నొక యింటిలో దొమ్మ క్రిములను పెంచి, మిత్రరాజ్యములకు ఓడలపై పోవు గుఱ్ఱములకు కంచరగాడిదలకు ఎక్కింప జూచెను. 1917లో నార్వే దేశపు టుత్తరభాగమున పట్టుబడిన యొక గూఢచారియొద్ద చక్కెర బిళ్లలు దొరకినవి. వానిలో సన్నని గాజుగొట్టములు, ఆ గొట్టములలో దొమ్మ బీజములు! ఆ బిళ్ల యొకటి పోలీసుల ప్రదర్శనశాలలో పడియుండెను. 80 సంవత్సరములు గడచిన పిమ్మట శాస్త్రజ్ఞులు దానిని పరీక్షింపగా, బీజములు ఇంకను మొలకెత్తినవి. మన బీటిలో పాతిపెట్టిన గొఱ్ఱెను గూర్చి మీరు ఆలోచింపుడు.

1925లో జెనీవాలో వ్రాసికొనిన యొడంబడిక ఇట్టి యాయుధములను ప్రయోగింపరాదనెను. తయారు చేయరాదని మాత్రము చెప్పలేదు. కావున 1942లో ఇంగ్లీషు ప్రభుత్వము స్కాట్లండు తీరమున గ్రూనార్డు అను చిన్న దీవికి గొఱ్ఱెలను దోలుకొనిపోయి, వరుసగ గట్టివేసి, వానికి గాలి వాలున దొమ్మ బీజములు నింపిన బాంబును పేల్చెను. కొలది దినములలో నవి చావసాగినవి. తరువాత నొక కళేబరము సముద్రములో కొట్టుకొనిపోయి యెదుటి తీరమును జేరగా, అచ్చటి రైతుల పశువులు చచ్చినవి. ప్రభుత్వము నష్టపరిహార మిచ్చినది గాని నిజము చెప్పలేదు. దారిన బోవు గ్రీకు ఓడనుండి పడిన గొఱ్ఱె యని చెప్పినది. ఆ దీవిపై దాదాపు ఏబది యేండ్లు మనుష్యుడు అడుగు పెట్టరాదయ్యెను. 1986లో 280 టన్నుల ఫార్మాల్డిహైడును సముద్రజలముతో గలిపి నేలపై చల్లి, మరల నొక మందను మేపి చూచి, అవి బ్రదికియుండుట గమనించి, 1990 ఏప్రిలులో దీవి నిరపాయమని ప్రకటించిరి. ఒక చిన్న దీవిని శుద్ధి చేయుట కింత ప్రయాస! పులివెందుల తాలూకా బీళ్లకు అట్టి వైద్యము చేయ నెవ్వనితరము?

1972లో రాజ్యములు మరియొక యడుగు ముందుకు వేసి, రోగాయుధములను తయారు చేయుటగాని నిలువ చేయుటగాని కూడదని యొడంబడిక వ్రాసినవి. మన దేశము 1974లో దానిని స్థిరపఱచినది. 1975లో నది యమలులోనికి వచ్చినది. దానికి పెద్దదిక్కుగ నిలిచిన మూడు రాజ్యములలో సోవియట్టు రష్యా యొకటి. ఆ రష్యాయే రహస్యముగ దొమ్మ బీజములను టన్నులకొలది తయారు చేయుచుండెను.

1979 ఏప్రిలు మొదటి వారమున స్వెర్‌డ్లోవ్‌స్కు నగరములోని సైనిక కర్మాగారమునుండి కొంచెము బీజధూళి గాలిలోనికి వెడలినది. కొన్ని దినములకు జనులు జ్వరముతో ఊపిరాడక ఆసుపత్రులకు వచ్చుట మొదలైనది. కనీసము 66 మంది చనిపోయిరి. రోగము సోకిన మాంసమును తిని చచ్చిరని ప్రభుత్వము ప్రకటించినది. ఆసుపత్రి కాగితములను రహస్యపోలీసులు పట్టుకొనిపోయిరి. పదుమూడేండ్లు ఆ మాటనే లోకము ముందు నిలిపిరి. పెక్కుమంది పండితులును నమ్మిరి. దొమ్మ సోకిన మాంసమును తిని జనులు చచ్చుట నిజముగ జరిగెడిదే కదా! అబద్ధము నిజమునకు దగ్గఱగ నున్నప్పుడే యెక్కువకాలము నిలుచును.

అచ్చటి వైద్యులలో అబ్రమోవా, గ్రిన్‌బెర్గు అను నిరువురు మృతుల శరీరభాగములను, వ్రాతలను పోలీసులకు చిక్కకుండ దాచియుంచిరి. ఆ శరీరభాగములు, రోగము ఊపిరితిత్తుల ద్వారమున ప్రవేశించినదని చెప్పినవి. 1992లో రష్యా యధ్యక్షుడు యెల్ట్సిన్ సైన్యమే కారణమని యొప్పుకొనెను. అమెరికా శాస్త్రజ్ఞుడు మెసెల్‌సన్ తన బృందముతో బోయి, మృతుల ఇండ్లకు వెళ్లి వారి బంధువుల నడిగి, ఎవరు ఏ దినమున ఎక్కడ నుండిరో పటముపై గుర్తించెను. గుర్తులన్నియు కర్మాగారమునుండి యొక సన్నని గీతగ బయలుదేరినవి. ఆ గీతను ఊరి వెలుపలికి పొడిగించి చూడగా, సుమారు 50 కిలోమీటర్ల దూరమువఱకు ఆఱు పల్లెలలో, అదే ఏప్రిలులో, గొఱ్ఱెలును ఆవులును దొమ్మతో చచ్చినవి. ఏప్రిలు 2వ తేదీన గాలి వీచిన దిక్కును ఆ గీతయు నొక్కటియే. ఆ పల్లెలలో పశువుల చావును ఎవరో వ్రాసిపెట్టినందున ఆ గీత పూర్తియైనది. వ్రాసినవారికి తాము సామ్రాజ్యమునకు విరుద్ధముగ సాక్ష్యము వ్రాయుచున్నామని తెలిసియుండదు. పశువులు చచ్చినవి గనుక వ్రాసిరి, అంతే.

2001వ సంవత్సరపు అమెరికా సంగతి మీలో ననేకులకు జ్ఞాపకముండును. తపాలా కవరులలో దొమ్మ బీజముల పొడిని పెట్టి యెవడో పంపెను. 22 మందికి రోగము సోకినది, ఐదుగురు మరణించిరి. ఆ దేశపు సైనిక పరిశోధనశాలలో పనిచేయుచుండిన శాస్త్రజ్ఞుడే దానిని చేసెనని దర్యాప్తు శాఖ తరువాత నిశ్చయించినది. విచారణకు ముందే యతడు మరణించెను. ఇచ్చటను రహస్యము మొదట వెల్లడియైనది ఫ్లారిడాలో నొక సామాన్యపు ఆసుపత్రిలోనే. జ్వరముతో వచ్చిన రోగి వెన్నునీటిని అచ్చటి వైద్యుడు సూక్ష్మదర్శినిలో చూచి, సందేహము కలుగగానే పై యధికారులకు కబురు చేసెను. వేలకొలది జనులకు ముందుజాగ్రత్తగ నిచ్చిన మందులలో డాక్సీసైక్లిను ఒకటి. అది టెట్రాసైక్లిను కుటుంబములోనిది. ఆ కుటుంబమునకు మొదటి బిడ్డయగు ఆరియోమైసిను 1948లో వెలువడిన లెడర్లీ పరిశోధనశాలకు అప్పుడు పరిశోధనాధ్యక్షుడు మన భీమవరమున 1895లో జన్మించిన యల్లాప్రగడ సుబ్బారావుగారు. ఆ సంవత్సరమే ఆయన న్యూయార్కునందు పరమపదించిరి.

కబురు దాచుటయను దోషము సామ్రాజ్యములకే పరిమితము కాదు. మన కాపరియు దాచును. అయితే ఆతడు దాచుట వేఱు. ఆతనికి పొట్టేలు చచ్చుటతో నెలల కష్టము పోయినది. చర్మ మమ్మినచో కొంత, మాంసము పంచినచో కొంత దక్కునని ఆశించును. వైద్యునకు చెప్పినచో కోయవద్దు, తోలు తీయవద్దు, పాతిపెట్టు మనును. ఆ వచ్చెడి కొంతయు పోవును. పైగా దొమ్మ వచ్చినదని తెలిసినచో మంద నెవ్వరు కొందురు? తమ చేనిలో నిలుప నెవ్వరు పిలుతురు? రాజ్యములు 1851లో మొదటిసారి పారిసున ఆరోగ్యసభ చేసినది మొదలు నేటివఱకు వానిని బాధించిన చిక్కు సరిగ నిదియే: చెప్పినవాడు నష్టపడును, దాచినవాడు అమ్ముకొనును. 2005లో వ్రాసి 2007లో అమలు పఱచిన అంతర్జాతీయ ఆరోగ్య నిబంధనలు, లోకమునకు హాని కలిగింపగల రోగసంఘటనను నిర్ధారించిన 24 గంటలలో ప్రపంచ ఆరోగ్య సంస్థకు తెలుపవలెనని విధించినవి. మన పార్లమెంటు 2009లో చేసిన పశురోగముల చట్టమును ఇట్టిదే. అంటురోగము సోకినదని సందేహము కలిగినచో పశువు యజమాని గ్రామాధికారికిగాని పంచాయతీకిగాని చెప్పవలెను. వారు దగ్గఱి పశువైద్యునకు వ్రాసి పంపవలెను. చట్టము మంచిదే. కాని అందఱికంటె పేదవాని నోటినుండి లోకమంతటికి మేలుచేయు కబురును ఉచితముగ రాబట్టవలెనని కోరుట న్యాయముగ తోచదు. గుంట త్రవ్వు కూలియు, కాల్చు కట్టెలును, వీలైనచో కొంత పరిహారమును ఊరుమ్మడిగ భరించిన గ్రామములో కబురు దాగదని నా యభిప్రాయము.

చేయవలసినది కష్టమైనది కాదు. అకస్మాత్తుగ చచ్చి, నెత్తురు గడ్డకట్టక కారుచున్న జీవమును కత్తితో ముట్టరాదు. వట్టి చేతులతో లాగరాదు. కుక్కలను దగ్గఱకు రానీయరాదు. వైద్యుడు వచ్చి చెవి నరమునుండి యొక చుక్క రక్తమును గాజుపలకపై తీసికొనును. నిర్ధారించుట కది చాలును. పిమ్మట కళేబరమును, దాని క్రింది రక్తము తడిసిన మట్టిని పూర్తిగ కాల్చుట ఉత్తమము. అంత కట్టె దొరకనిచో నీటికి దూరముగ ఆఱడుగుల లోతున పాతి, పైన ముండ్లకంప వేయవలెను. తక్కిన మందను ఆ బీటినుండి మఱలింపవలెను. దొమ్మ యెఱిగిన గ్రామములలో ఏటేట వానలకు ముందుగ టీకా వేయించవలెను. 1937లో దక్షిణాఫ్రికాలో స్టెర్నె కనుగొనిన టీకాబీజమే నేటికిని లోకమంతట వాడుకలో నున్నది. చేతిపై నొప్పి లేని పుండు లేచి నల్లని పెచ్చు గట్టినచో, కాపరి ఆకుపసరుతో కాలక్షేపము చేయక వెంటనే ఆసుపత్రికి పోవలెను. వేళకు మందు పడినచో ఆ రూపపు దొమ్మ చాల సులభముగ కుదురును.

ఇంకొక చిన్న పని యున్నది. దానిని ఏ వైద్యుడును చేయజాలడు. ఊరి పెద్దలే చేయవలెను. గొఱ్ఱెను పాతిపెట్టిన తావు యొక్క సర్వే నంబరు, తేదీ, గుర్తుగ నున్న చెట్టో బండయో, పంచాయతీ పుస్తకములో వ్రాసియుంచవలెను. కంప రెండేండ్లలో చెదలు తినును. పాతిన కాపరి వలస పోవును. లింగాల చుట్టుపట్ల నేడు బీళ్లు చీనీతోటలగుచున్నవి. ముప్పది యేండ్ల తరువాత చీనీమొక్కకు గుంట త్రవ్వ వచ్చినవానికి, లేక బోరు వేయ వచ్చినవానికి, ఆ మట్టి క్రింద ఏమున్నదో చెప్పుటకు ఆ వ్రాత దక్క వేఱొక సాక్షి యుండదు.